గృహ ఫ్రీజర్‌లో మాంసం, చేపల నిల్వ: కాలపరిమితి, మెలకువలు

ఒకప్పుడు కృష్ణా డెల్టా గ్రామాలలో పచ్చి మాంసాన్ని ఇంట్లో నిల్వ చేయవలసిన అవసరం అంతగా ఉండేది కాదు. పొట్టేలునో మేకనో కోస్తే వాటాలు వేసుకొని ఆ పూటకే వండుకొనేవారు. మిగిలిన చేపలను ఉప్పు పట్టించి, రొయ్యలను ఎండబెట్టి దాచుకొనేవారు. నేడు పరిస్థితి మారింది. విజయవాడ నగరంలోనే కాక డెల్టా పల్లెలలో కూడా ఫ్రిజ్ సాధారణ గృహోపకరణం అయింది. ఆదివారం ఉదయం కొన్న మాంసంలో సగం ఆ పూట వండుకొని మిగిలిన సగం ఫ్రీజర్‌లో పెట్టడం, చెరువు పట్టుబడి నాడు తెచ్చుకొన్న చేపలను, రొయ్యలను కొన్ని వారాలకు సరిపడా దాచుకోవడం, కనుమ పండుగకు రావలసిన బంధువుల కోసం ముందుగానే నాటుకోడిని కోసి ఉంచడం అలవాటుగా మారాయి.

దీనితో ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న తలెత్తుతున్నది. ఫ్రీజర్‌లో పెట్టిన మాంసం ఎంతకాలం నిల్వ ఉంటుంది? దీనికి ప్రచారంలో ఉన్న సమాధానాలు రెండు. గడ్డకట్టిన మాంసం ఎన్నాళ్ళయినా చెడిపోదన్నది ఒకటి. వారం దాటితే అది విషంతో సమానమన్నది మరొకటి. ఈ రెండూ సరికావు. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిరంగా ఉన్న మాంసం నెలల తరబడి సురక్షితంగానే ఉంటుంది. కాలక్రమేణా తగ్గేది దాని రుచి, మెత్తదనం, రసం. ప్రాణాపాయం తెచ్చిపెట్టే చెడు చాలావరకు మూడు సందర్భాలలో జరుగుతుంది. అవి ఫ్రీజర్‌లో పెట్టక ముందు, బయటకు తీసిన తరువాత, మధ్యలో విద్యుత్తు ఆగిపోయినప్పుడు. కావున నెలలు లెక్కించుకోవడం కంటె ఈ మూడు సందర్భాలను గుర్తెరగడం ముఖ్యం.

విజయవాడ వాసులకు ఈ సంగతి 2024 సెప్టెంబరులో అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. ఆ నెల 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం తదితర ప్రాంతాలను ముంచెత్తింది. ఆ మరుసటి రోజుకు ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటి ఆ కట్టడం చరిత్రలోనే గరిష్ఠ స్థాయికి చేరింది. ముంపు ప్రాంతాలలో విద్యుత్తు సరఫరా రోజుల తరబడి నిలిచిపోయింది. నీరు తీసిన తరువాత ఇళ్ళకు తిరిగి వచ్చిన కుటుంబాల ముందు బురదతో పాటు ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. అందులోనివి పారవేయవలెనా, వాడుకోవచ్చునా? వాసన లేదు కనుక ఫరవాలేదనుకోవచ్చునా? నష్టపోయిన ఇంట్లో ఒక కిలో మటన్ కూడా విలువైనదే. అయితే ఆ మటన్ వలన ఇంటిల్లిపాదికీ వాంతులు, విరేచనాలు సోకితే కలిగే నష్టం మరింత పెద్దది. ఈ నిర్ణయాన్ని తడుముకోకుండా తీసుకోవాలంటే ఫ్రీజర్‌లో మాంసానికి ఏమి జరుగుతుందో ముందుగా తెలిసి ఉండాలి.

గడ్డకట్టడమంటే ఏమి జరుగుతుంది?

కొవ్వు తక్కువగా ఉన్న మాంసంలో సుమారు 75 శాతం నీరే. ఈ నీటిలో లవణాలు, మాంసకృత్తులు కరిగి ఉండడం వలన అది సున్నా డిగ్రీల వద్ద కాక సుమారు మైనస్ 1 నుంచి మైనస్ 2 డిగ్రీల మధ్య గడ్డకట్టడం ఆరంభిస్తుంది. మైనస్ 5 డిగ్రీలకు చేరేసరికి దాదాపు నాలుగింట మూడు వంతుల నీరు మంచుగా మారుతుంది. కావున మైనస్ 1 నుంచి మైనస్ 5 వరకు గల దశ కీలకమైనది. ఈ దశను మాంసం త్వరగా దాటితే కండ కణాలలో చిన్న చిన్న మంచు స్ఫటికాలు ఏర్పడతాయి. నెమ్మదిగా దాటితే పెద్ద స్ఫటికాలు పెరిగి కణాల పొరలను చీలుస్తాయి. అటువంటి మాంసాన్ని కరిగించినప్పుడు గిన్నె అడుగున ఎర్రటి నీరు ఎక్కువగా చేరుతుంది. ఆ నీటితో పాటు కొంత రుచి, కొన్ని పోషకాలు కూడా పోతాయి. వండిన ముక్క పీచుగా, పొడిగా ఉంటుంది.

వేగంగా గడ్డకట్టించడంలోని ఈ ప్రయోజనాన్ని అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1912 తరువాత కెనడా ఈశాన్య తీరంలోని లాబ్రడార్‌లో గమనించాడు. అక్కడి స్థానిక ప్రజలు పట్టిన చేపలు తీవ్రమైన శీతల గాలికి క్షణాలలో గడ్డకట్టేవి. నెలల తరువాత కరిగించినా తాజా రుచి ఉండేది. ఆ పరిశీలన ఆధారంగా ఆయన రూపొందించిన శీఘ్ర ఘనీభవన పద్ధతే 1930 నాటికి అమెరికా దుకాణాలలో ఘనీభవించిన ఆహారాన్ని అందుబాటులోకి తెచ్చింది. నేడు మన తీర ప్రాంతపు రొయ్యల శుద్ధి కర్మాగారాలు విదేశాలకు పంపే సరుకు కూడా ఈ సూత్రం పైనే ఆధారపడి ఉన్నది.

సూక్ష్మజీవుల విషయానికి వస్తే, గడ్డకట్టిన మాంసంలో వాటికి అందవలసిన నీరు మంచు రూపంలో బందీ అవుతుంది. సుమారు మైనస్ 10 డిగ్రీలకు దిగువన బాక్టీరియా వృద్ధి ఆగిపోతుంది. ఆగిపోవడం వేరు, నశించడం వేరు. ఫ్రీజర్ సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే కాని చంపదు. సాల్మొనెల్లా వంటివి ఎన్నో నెలల తరువాత కూడా, మాంసం కరిగి వెచ్చబడగానే తిరిగి వృద్ధి చెందుతాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న కోడిమాంసం గురించి వినియోగదారులలో సందేహాలు కలిగాయి. చలి ఆ వైరస్‌ను నిర్మూలించదు, వేడి నిర్మూలిస్తుంది. ముక్క మధ్యభాగం కూడా 74 డిగ్రీలకు చేరేవరకు ఉడికించడమే కోడిమాంసానికి సరైన రక్షణ.

మైనస్ 18 డిగ్రీలు ఎందుకు?

సూక్ష్మజీవుల వృద్ధి ఆగడానికి మైనస్ 10 చాలినప్పుడు మైనస్ 18 వరకు పోవలసిన అవసరమేమిటన్న సందేహం సహజం. సూక్ష్మజీవులు ఆగినా రసాయన చర్యలు పూర్తిగా ఆగవు. మాంసంలోని కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా ముక్కిపోతుంది. కొన్ని ఎంజైములు చలిలో కూడా మందకొడిగా పని చేస్తూనే ఉంటాయి. ఉష్ణోగ్రత తగ్గిన కొలదీ ఈ చర్యల వేగం తగ్గుతుంది. 1940, 50 దశకాలలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని ఆల్బనీ ప్రయోగశాలలో కాలానికి, ఉష్ణోగ్రతకు, నాణ్యతకు మధ్యగల సంబంధాన్ని విస్తృతంగా పరిశోధించారు. ఫ్రీజర్‌లో కొన్ని డిగ్రీలు పెరిగినా నిల్వకాలం ఎంతగానో తగ్గిపోతుందని ఆ పరిశోధనలు నిరూపించాయి.

అంతర్జాతీయ శీతలీకరణ సంస్థ సిఫారసులు దీనిని స్పష్టంగా చూపుతాయి. పరిశ్రమలలో శీఘ్రంగా గడ్డకట్టించిన కొవ్వు చేప మైనస్ 12 వద్ద సుమారు 3 నెలలు, మైనస్ 18 వద్ద 5 నెలలు, మైనస్ 24 వద్ద 9 నెలల వరకు మంచి నాణ్యతతో ఉంటుంది. కొవ్వు తక్కువగా గల చేప మైనస్ 12 వద్ద సుమారు 4 నెలలు ఉంటే, మైనస్ 18 వద్ద 9 నెలలు ఉంటుంది. మన దేశ ఆహార భద్రతా నిబంధనలు కూడా ఘనీభవించిన మాంసాన్ని మైనస్ 18 లేదా అంతకంటె తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఉంచవలెనని నిర్దేశిస్తున్నాయి.

మన ఫ్రిజ్‌లో నిజంగా ఎంత చలి ఉన్నది?

ఇక్కడ వినియోగదారులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉన్నది. ఫ్రిజ్ తలుపుపై అతికించిన నక్షత్రాల చీటీ విద్యుత్తు ఆదాను తెలుపుతుందే కాని ఫ్రీజర్‌లోని చలిని తెలుపదు. అయిదు నక్షత్రాల ఫ్రిజ్ అంటే కరెంటు తక్కువగా వాడుకొనే ఫ్రిజ్ అని మాత్రమే అర్థం. ఫ్రీజర్ చలిని సూచించే నక్షత్రాలు వేరే ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక నక్షత్రం గల అర మైనస్ 6, రెండు నక్షత్రాల అర మైనస్ 12, మూడు నక్షత్రాల అర మైనస్ 18 డిగ్రీలను నిలుపగలవు. నాలుగు నక్షత్రాల ఫ్రీజర్‌కు ఆ చలిని నిలిపే శక్తితో పాటు తాజా ఆహారాన్ని గడ్డకట్టించే శక్తి కూడా ఉంటుంది. ఈ గుర్తు ఫ్రీజర్ మూతపైన గాని, ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో గాని ఉంటుంది.

ఒకే తలుపు గల ఫ్రిజ్‌లో పైభాగాన ఉండే చిన్న అర అన్నివేళలా మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంటుందని భావించరాదు. మంచు పేరుకొన్నప్పుడు, మే నెల ఎండలకు వంటగది వేడెక్కినప్పుడు, పిల్లలు చల్లని నీటి కోసం పదే పదే తలుపు తెరిచినప్పుడు ఆ చలి మరింత తగ్గుతుంది. ఒక నక్షత్రం అరలో వారం రోజులు, రెండు నక్షత్రాల అరలో ఒక నెల అన్నది ఇటువంటి ఫ్రిజ్‌లకు చాలాకాలంగా ఉన్న మార్గదర్శకం. ఫ్రీజర్ థర్మామీటరును లోపల ఉంచి మరునాడు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. థర్మామీటరు లేనివారు ఐస్‌క్రీంను గమనించవచ్చు. రాత్రంతా ఉంచిన ఐస్‌క్రీం చెంచా సులువుగా దిగేటంత మెత్తగా ఉంటే ఆ అర మైనస్ 18కి చేరడం లేదని గ్రహించాలి.

ఏది ఎంతకాలం?

రెండు తలుపుల ఫ్రిజ్‌లో లేదా విడి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీలు స్థిరంగా ఉంటూ, గాలి చొరకుండా చుట్టి ఉంచినప్పుడు ఈ క్రింది కాలపరిమితులను పాటించవచ్చు. ఇవి మంచి నాణ్యతకు సంబంధించిన పరిమితులు.

1. కోడి, మొత్తంగా ఉంచినది: 12 నెలలు. ముక్కలు చేసినది: 9 నెలలు.
2. మటన్, పెద్ద ముక్కలు: 4 నుంచి 12 నెలలు. కూరకు కోసిన చిన్న ముక్కలను 6 నెలలలోపు వాడుకోవడం మేలు.
3. కైమా: 3 నుంచి 4 నెలలు.
4. కార్జం, కందనకాయ, గుండెకాయ, బోటి: 3 నుంచి 4 నెలలు.
5. కొవ్వు తక్కువగా గల కొరమీను వంటి చేపలు: 6 నుంచి 8 నెలలు.
6. కొవ్వు ఎక్కువగా గల పులస, కానాగంతలు, కవళ్ళు: 2 నుంచి 3 నెలలు.
7. తల తీసి, నీటిలో మునిగేటట్లు గడ్డకట్టించిన రొయ్యలు: 6 నెలలు.
8. వండిన మాంసం కూర: 2 నుంచి 3 నెలలు.

ఈ తేడాలకు కారణాలు ఉన్నాయి. చేప కొవ్వు ఆక్సిజన్‌తో సులువుగా చర్య జరిపే స్వభావం గలది. అందువలన మాంసపు కొవ్వు కంటె త్వరగా ముక్కిపోతుంది. కైమా కొట్టినప్పుడు గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కత్తిపై, యంత్రంపై ఉన్న సూక్ష్మజీవులు ముద్ద అంతటా కలిసిపోతాయి. ఉప్పు కూడా కొవ్వు ముక్కిపోవడాన్ని వేగిరపరుస్తుంది. కావున ఉప్పు, కారం పట్టించి ఉంచిన మాంసం ఎక్కువ కాలం ఉంటుందన్న నమ్మకం ఫ్రీజర్ విషయంలో సరికాదు. ఎక్కువ రోజులు దాచదలచిన మాంసాన్ని ఉప్పు లేకుండానే గడ్డకట్టించి, కరిగించే వేళ మసాలా పట్టించడం మంచిది.

పై కాలం దాటిన మాంసాన్ని వెంటనే పారవేయవలసిన పని లేదు. ఉష్ణోగ్రత ఏనాడూ పెరగలేదన్న నమ్మకం ఉంటే దానిని పులుసుగా, కూరగా వాడుకోవచ్చు. అక్కడక్కడ తెల్లగా, ఎండిన చర్మం వలె కనిపించే మచ్చలు మంచు ఆవిరైపోవడం వలన ఏర్పడినవి. వీటినే ఫ్రీజర్ బర్న్ అంటారు. ఇవి హానికరం కావు. ఆ భాగాన్ని కోసివేస్తే సరిపోతుంది. ముక్కిన వాసన వచ్చే మాంసాన్ని మాత్రం వాడరాదు.

ఫ్రీజర్‌లో పెట్టక ముందు పాటించవలసినవి

మన ప్రాంతంలో మాంసాన్ని కోసిన వెంటనే, దానిలోని వెచ్చదనం తగ్గక ముందే అమ్ముతారు. దీనివలన రెండు సమస్యలు ఏర్పడతాయి.

మొదటిది సూక్ష్మజీవుల సమస్య. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. మాంసాన్ని ఈ ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదు. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే ఈ గడువు ఒక గంటే. విజయవాడలో వేసవి ఉదయం కొన్న మాంసాన్ని సంచిలో వేసుకొని కూరగాయల బజారు, చుట్టాల ఇల్లు తిరిగి ఇంటికి చేర్చేసరికి ఆ గడువు ముగిసిపోతుంది. చేపల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కైకలూరు, ముదినేపల్లి ప్రాంతాల చెరువుల చేపలు మంచు నింపిన పెట్టెలలో కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు తరలిపోతాయి. వేల కిలోమీటర్ల దూరం పోయే చేపకు దక్కే మంచు, మన వీధిలో అమ్మే చేపకు కూడా దక్కవలెను. కానాగంతల వంటి సముద్రపు చేపలను చలిలో ఉంచకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ గడ్డకట్టించినా పోదు, వండినా పోదు. ఫ్రీజర్ చెడిన దానిని బాగుచేయదు. ఉన్న స్థితిని నిలుపుతుంది, అంతే.

రెండవది మెత్తదనానికి సంబంధించినది. పశువును కోసిన కొన్ని గంటలకు కండరాలు బిగుసుకొంటాయి. దీనిని రిగర్ మార్టిస్ అంటారు. ఈ దశ కోడిలో కొద్ది గంటలలోనే పూర్తి అవుతుంది. మేక, గొర్రెలలో మరింత సమయం పడుతుంది. ఇది ముగియక ముందే మాంసాన్ని గడ్డకట్టిస్తే, కరిగించే సమయంలో కండరాలు ఒక్కసారిగా ముడుచుకొని నీరంతా కారిపోయి ముక్క గట్టిపడుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన మటన్ ఎంత ఉడికించినా ఉడకదన్న ఫిర్యాదుకు ఒక ముఖ్య కారణం ఇదే. కావున కొన్న మాంసాన్ని మూతగల పాత్రలో ఉంచి ముందుగా ఫ్రిజ్ క్రింది అరలో, 4 డిగ్రీలకు మించని చలిలో ఉంచాలి. కోడిని 4 నుంచి 6 గంటలు, మటన్‌ను 12 నుంచి 24 గంటలు అలా ఉంచి, తరువాత ఫ్రీజర్‌లోకి మార్చాలి. చేపలు, రొయ్యలను మాత్రం శుభ్రం చేసిన వెంటనే గడ్డకట్టించాలి.

ప్యాకింగ్ మెలకువలు ఈ విధంగా ఉన్నాయి.

ఒక పూట వంటకు సరిపడే పరిమాణంలో, అరకిలో లేదా ముప్పావు కిలో చొప్పున విడి ప్యాకెట్లు చేయాలి. ప్యాకెట్‌ను ముద్దగా కాక, రెండు మూడు సెంటీమీటర్ల మందాన పలుచగా పరచాలి. మందం రెట్టింపయితే గడ్డకట్టే కాలం రెట్టింపు కంటె ఎక్కువగా పెరుగుతుంది. రెండు కిలోల ముద్ద పైన గట్టిపడినా నడిమి భాగం చాలా గంటలు మెత్తగానే ఉంటుంది.

దుకాణంలో ఇచ్చిన పలుచని నల్ల కవరులోనే మాంసాన్ని ఉంచరాదు. ఆహారానికి తగిన మందపాటి కవరులో వేసి, లోపలి గాలిని వీలైనంతగా తీసివేయాలి. కవరు మూతిని పైకి పట్టుకొని మిగిలిన భాగాన్ని నీటి గిన్నెలో మెల్లగా ముంచితే నీటి ఒత్తిడికి గాలి బయటకు పోతుంది. అప్పుడు మూతి బిగించి, మరొక కవరులో ఉంచి, పైన తేదీ రాయాలి.

ఒకే రోజున ఎక్కువ మాంసాన్ని ఫ్రీజర్‌లో నింపరాదు. 30 లీటర్ల అరలో ఒక రోజుకు కిలో నుంచి కిలోన్నర మాత్రమే కొత్తగా గడ్డకట్టించాలి. అంతకు మించితే కొత్త మాంసం నెమ్మదిగా గడ్డకట్టడమే కాక, అంతకు ముందు ఉన్నది కూడా వెచ్చబడుతుంది. కొత్త ప్యాకెట్లను పాత వాటికి ఆనించి ఉంచరాదు. ముందుగా పెట్టినది ముందుగా వాడాలి.

కరిగించే విధానం

గడ్డకట్టిన మాంసాన్ని ఉదయం గట్టుపై ఉంచి మధ్యాహ్నం వండడం చాలా ఇళ్ళలో కనిపించే అలవాటు. 40 డిగ్రీల ఎండలో ఇది అతి ప్రమాదకరం. లోపల ఇంకా మంచు ఉండగానే పైపొర గది వేడికి చేరి, సూక్ష్మజీవులు గంటల తరబడి వృద్ధి చెందుతాయి. ముందురోజు రాత్రి ప్యాకెట్‌ను ఒక పళ్ళెంలో పెట్టి ఫ్రిజ్ క్రింది అరలోకి దించడం అన్నిటికంటె ఉత్తమం. పళ్ళెం లేకపోతే కారిన నీరు కూరగాయల మీద పడుతుంది. తొందర ఉన్నప్పుడు నీరు చొరని కవరులో ఉంచి చల్లని నీటిలో ముంచి, ప్రతి అరగంటకు ఆ నీటిని మార్చాలి. అరకిలో ప్యాకెట్ సుమారు గంటలో కరుగుతుంది. ఇలా నీటిలో కరిగించిన దానిని వెంటనే వండాలి. వేడినీటిలో వేయరాదు.

ఫ్రిజ్‌లో కరిగిన మాంసాన్ని, అది చల్లగానే ఉంటే, తిరిగి గడ్డకట్టించవచ్చు. నాణ్యత మాత్రం కొంత తగ్గుతుంది. బయట కరిగించిన దానిని ఎట్టి పరిస్థితులలోనూ మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టరాదు.

విద్యుత్తు నిలిచిపోయినప్పుడు

తుపానులు, వరదలు తీర ప్రాంతానికి కొత్త కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని రోజుల తరబడి చీకటిలో ఉంచింది. పదేళ్ళకు బుడమేరు విజయవాడలో అదే పని చేసింది. తుపాను హెచ్చరిక వెలువడిన వెంటనే ఫ్రీజర్‌ను గరిష్ఠ చలికి తిప్పి, ఖాళీ స్థలంలో నీటి సీసాలను ముప్పాతిక వంతు నింపి గడ్డకట్టించాలి. నిండుగా ఉన్న ఫ్రీజర్, తలుపు తెరవకపోతే సుమారు 48 గంటలు చలిని నిలుపుకొంటుంది. సగం నిండినది 24 గంటలు నిలుపుకొంటుంది. ఫ్రిజ్ క్రింది అరలు మాత్రం 4 గంటలే. ఈ అంచనాలు విడి తలుపు గల మంచి ఫ్రీజర్‌కు సంబంధించినవి. ఒకే తలుపు ఫ్రిజ్‌లోని చిన్న అర ఇంత సమయం నిలువదు.

ఊరు విడిచి పోవలసి వచ్చినప్పుడు ఒక చిన్న ఉపాయం సహాయపడుతుంది. గిన్నెలో నీరు గడ్డకట్టించి, ఆ మంచుపై ఒక నాణెం ఉంచి ఫ్రీజర్‌లోనే వదిలివేయాలి. తిరిగి వచ్చినప్పుడు నాణెం పైననే ఉంటే మంచు కరగలేదని అర్థం. అడుగుకు చేరి ఉంటే, ఇప్పుడు అంతా గట్టిగా కనిపించినా, మధ్యలో పూర్తిగా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. ఆ మాంసాన్ని వాడరాదు.

2024 సెప్టెంబరులో ముంపు ఇళ్ళకు తిరిగి వచ్చిన కుటుంబాల ప్రశ్నకు సమాధానం ఇప్పుడు చెప్పుకోవచ్చు. మాంసంలో మంచు పలుకులు ఇంకా చేతికి తగులుతూ ఉంటే, లేదా దాని ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటకపోతే, వెంటనే వండుకోవచ్చు, తిరిగి గడ్డకట్టించనూ వచ్చు. 4 డిగ్రీలు దాటి 2 గంటలు గడిస్తే పారవేయాలి. ఎంతసేపు అయినదో తెలియనప్పుడు కూడా పారవేయడమే మేలు. వరద నీరు తగిలిన మాంసాన్ని, కవరులో గట్టిగా ఉన్నప్పటికీ, వాడరాదు. ఆ నీటిలో మురుగు కలిసి ఉంటుంది. రోజుల తరబడి విద్యుత్తు లేని ఫ్రిజ్‌లోని మాంసం విషయంలో అసలు ఆలోచించవలసిన పనే లేదు.

వాసన చూసి గాని, కొద్దిగా రుచి చూసి గాని నిర్ణయించరాదు. వ్యాధి కలిగించే సూక్ష్మజీవులు చాలావాటికి వాసన ఉండదు. బాగా ఉడికిస్తే అన్నీ పోతాయన్న ధీమా కూడా తగదు. స్టెఫైలోకాకస్ వంటి బాక్టీరియా విడుదల చేసిన విషపదార్థం, ఆ బాక్టీరియా వేడికి చనిపోయిన తరువాత కూడా కూరలో మిగిలి ఉంటుంది.

ముగింపు

గన్నవరంలోని పశువైద్య కళాశాల, హైదరాబాదు చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ వంటివి మాంస ఉత్పత్తుల సాంకేతిక విజ్ఞానాన్ని పెంపొందిస్తున్నాయి. ఆ విజ్ఞానం వంటింటి వరకు చేరినప్పుడే దానికి సార్థకత. రైతు మేపిన పొట్టేలు, చెరువులో పెరిగిన చేప, పెరట్లో తిరిగిన కోడి ఎంతో శ్రమకు, మేతకు, నీటికి ప్రతిఫలాలు. వాటిలో ఒక ముక్క వృథా అయినా ఆ శ్రమ వృథా అయినట్లే. చెడిన ముక్కను తింటే నష్టం ఆరోగ్యానికి.

కావున ఇంటి ఫ్రీజర్‌లో మాంసం ఎంతకాలం ఉంటుందని అడిగే ముందు ప్రతి గృహిణి, ప్రతి గృహస్థు మరి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాంసం ఇంటికి ఎంతసేపటిలో చేరింది? ఫ్రీజర్ నిజంగా మైనస్ 18 డిగ్రీల వద్ద ఉన్నదా? కవరుపై తేదీ ఉన్నదా? మధ్యలో కరెంటు ఎంతసేపు పోయింది? ఈ నాలుగింటికీ తృప్తికరమైన సమాధానం ఉన్నప్పుడు పైన తెలిపిన నెలల పరిమితులను నిశ్చింతగా అనుసరించవచ్చు. ఏ ఒక్కదానికి సందేహం కలిగినా, పట్టికలోని నెలల అంకెను పక్కన పెట్టి జాగ్రత్త వైపే మొగ్గు చూపాలి.